సత్యానందం మోకాలు

బోధన్ రోడ్ల ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు ఎవరైనా, నెల తిరక్కుండానే ఒక సంగతి తెలుసుకునేవాడు. అది ఏ పుస్తకంలోనూ ఉండదు, ఏ కాలేజీలోనూ చెప్పరు. సత్యానందం ఎక్కడ కూలబడితే అక్కడ లెక్క మళ్లీ చూసుకోవాలి.

సత్యానందం ఇంజనీరు కాదు, చైన్‌మన్. ఇంజనీరు లెవెల్ మిషన్‌కు కన్ను ఆనించి చూస్తుంటే, అవతల అంకెలు వేసిన పొడుగాటి కర్ర పట్టుకుని నిటారుగా నిలబడటం, గొలుసు లాగటం, గూటాలు పాతటం ఆయన పని. మనిషి కూడా ఆ కర్రలాగే సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. దూరం నుంచి చూస్తే రెండు కర్రలు పక్కపక్కన పాతినట్టుండేది. వర్ని నుంచి నవీపేట్ దాకా ఆయన కర్ర ఆనని రోడ్డు లేదు. ఏ చేను నీళ్లు ఎటు పారతాయో, ఏ మలుపులో చెరుకు బండి ఒరుగుతుందో ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

తెలుసు గానీ, చెప్పడు.

చేరిన కొత్తలో ఒకసారి చెప్పాడు. "సారూ, నీళ్లు గీడికెళ్లి రావు, ఆడికెళ్లి వస్తయి" అని ఒక ఇంజనీరుతో, పదిమంది కూలీల ముందే అనేశాడు. ఆ ఇంజనీరు, "నువ్వు గొలుసు గుంజేటోనివా, నాకు సదువు చెప్పేటోనివా?" అన్నాడు. ఆ నెలలోనే ఎక్కడో అడవి పక్క సెక్షన్‌కు బదిలీ అయింది. రెండేళ్లు అక్కడే. పెద్దకొడుకు పుట్టిన కబురు సత్యానందానికి పోస్టు కార్డు మీద తెలిసింది. తిరిగి వచ్చేసరికి వాడు నడుస్తున్నాడు, తండ్రిని చూసి ఏడ్చి తల్లి కొంగు చాటుకు పోయాడు. ఆ రోజు నుంచి సత్యానందం నోటికి తాళం పడింది.

కానీ కాళ్లకు పడలేదు. కొన్నేళ్ల తర్వాత మరో కొత్త ఇంజనీరు తప్పు చోట గూటం పాతమంటే ఆయనకు చెయ్యి ఆడలేదు. ఏం చెయ్యాలో తోచక అక్కడే కూర్చుండిపోయాడు.

"ఏమైంది సత్యానందం?"

"మోకాలు గుంజుతుంది సార్."

ఇంజనీరు మిషన్ వదిలిపెట్టి నడిచి వచ్చాడు. పక్కన నిలబడి నాలుగు దిక్కులూ చూశాడు. మిషన్‌లోంచి కనబడనిది కాళ్ల మీద నడిచి వచ్చేసరికి కనబడింది. "అరె, గూటం గక్కడ పాతొద్దు, ఆగు" అన్నాడు తనంతట తానే. సత్యానందం మోకాలి నొప్పి టక్కున తగ్గిపోయింది.

ఇక ఆ మోకాలు ఎందరు కుర్ర ఇంజనీర్లకు చదువు చెప్పిందో లెక్కలేదు. బస్టాండు ముందరి చాయ్ హోటల్లో పాతవాళ్లు కొత్తవాళ్లకు ఈ గుట్టు చెవిలో వేసేవారు. లింబాద్రి అనే ఇంజనీరైతే తన మొదటి ఏడాదిలోనే సత్యానందాన్ని పదకొండుసార్లు కూర్చోబెట్టానని గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన తర్వాత నిజామాబాదులో డీఈ అయ్యాడు, ఈ సెక్షన్ ఇంజనీర్లకు పై అధికారి.

1989 ఏప్రిల్లో గంగామణి వచ్చింది.

ఆ సెక్షన్‌కు ఆడమనిషి ఇంజనీరుగా రావటం అదే మొదలు. నిజామాబాదు కంఠేశ్వర్‌లో బీడీలు చేసే వెంకటవ్వ బిడ్డ. తల్లి బీడీల చాట పక్కన కూర్చుని ఇంజనీరింగు చదివిన పిల్ల. మొదటి రోజే అందరిలా "సత్యానందం" అని పిలవలేకపోయింది. "కాకా, జర కర్ర సీదా పడుతవా?" అంది. ఆఫీసులో ఆయన్ను చిన్నాన్న వరస కలిపి కాకా అన్నవాళ్లు అంతకుముందు లేరు.

ఆమెకు అప్పగించిన మొదటి పని మోస్రా రోడ్డుకు అడ్డంగా, కింద నుంచి నీళ్లు పోయేలా కట్టాల్సిన ఒక చిన్న మోరీ. ఏటా జూలైలో నీళ్లు రోడ్డును కోసేస్తాయి, బండ్లు ఆగిపోతాయి. మోరీ ఎక్కడ కట్టాలో లెవెల్స్ తీసి ఆమే నిర్ణయించాలి. ప్రొబేషన్ ఇంకా నడుస్తోంది. ఆడపిల్ల కట్టిన మోరీ ఎట్లుంటదో చూద్దామని ఆఫీసులో కొందరు నవ్వుకుంటున్నారని ఆమెకూ తెలుసు, సత్యానందానికీ తెలుసు.

గంగామణి లెవెల్స్‌లో తప్పు లేదు. మిషన్ నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది నేల. చెరుకు కొట్టే నాలుగు నెలలూ ఫ్యాక్టరీకి పోయే బండ్లవాళ్లు, చక్రాలు దిగబడకుండా అక్కడున్న పల్లంలో ఎండిన చెరుకాకు తొక్కి పైన మట్టి పోస్తారు. ఎండాకాలానికి అది రోడ్డుతో సమానంగా గట్టిపడుతుంది. అరవై అడుగుల అవతల, బండ్లు చేలల్లోంచి రోడ్డెక్కే చోట, చక్రాలు అరగదీసి గుంత పడుతుంది. మే నెలలో మిషన్ పెట్టి చూస్తే ఆ గుంతే పల్లం. జూలైలో మొదటి పెద్దవానకు చెరుకాకంతా కొట్టుకుపోయి అసలు పల్లం బయటపడుతుంది. మోరీ గుంత దగ్గర కడితే, నీళ్లు మోరీని పలకరించకుండా పక్కనుంచి రోడ్డును కోసుకుని పోతాయి.

సత్యానందం చెరుకాకు తొక్కిన చోట కర్ర పట్టుకుని, నిమ్మళంగా కూర్చున్నాడు.

గంగామణి మిషన్ వదిలిపెట్టి పరుగెత్తుకొచ్చింది. 'వచ్చింది, చూస్తుంది' అనుకున్నాడు. ఆమె చుట్టూ చూడలేదు. ఆయన కాలే చూసింది.

"ఏమైంది కాకా?"

"మోకాలు గుంజుతుంది మేడం."

"అయ్యో! ముందుగాల చెప్పొద్దా? ఇంత ఎండల నిలబెట్టిన. నువ్వు లేవకు." కర్ర తీసుకుని, రోడ్డు పక్క పనిచేస్తున్న వెంకటి అనే కూలీ చేతికిచ్చింది. మిగతా లెవెల్స్ వెంకటితోనే తీసింది.

మర్నాడు ఆఫీసులోంచి ఇనుప స్టూలు తెప్పించింది. సత్యానందం కావాలనే స్టూలును ఆ చెరుకాకు మీదికి జరుపుకుని కూర్చున్నాడు. ఆమె తన గొడుగు తెచ్చి ఇచ్చింది. మూడో రోజు ఆమె తల్లి దగ్గర్నుంచి ఒక సీసా వచ్చింది.

"మా అవ్వ వావిలాకు ఏసి నూనె కాసింది కాకా. పొద్దుమాపు రాసుకో. అవ్వకు గూడ బీడీలకు కూసొని కూసొని మోకాళ్లు పట్టుకుంటయి, గీ నూనెతోనే లేస్తది."

ఇన్నేళ్లలో ఆయన మోకాలు ఎందరో ఇంజనీర్లకు దారి చూపింది గానీ, దానికి నూనె తెచ్చినవాళ్లు లేరు. సీసా చేతిలో పట్టుకుని సత్యానందం దొంగలా నిలబడ్డాడు. ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదని అప్పుడర్థమైంది. చెప్పేవాళ్లంతా చెప్పేది చాయ్ హోటల్లో. ఆమె ఆ హోటల్ గడప తొక్కదు.

అంచనా తయారైంది, నిజామాబాదులో డీఈ సంతకమూ అయింది. సోమవారం తవ్వకం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక సత్యానందం అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, భార్య రూతమ్మ పసిగట్టింది.

"ఏమయింది? పాస్టరుగారు నిన్నేమన్న అన్నడా?"

ఆయన మొత్తం చెప్పాడు. రూతమ్మ మూలనున్న నూనె సీసా వంక చూసింది. సగం అయిపోయింది. రాసుకున్న మోకాళ్లు ఆమెవి.

"అయితే రేపు పోయి చెప్పు."

"ఎట్ల చెప్పాలె? మోకాలు నొయ్యలేదని చెప్పాలె. పదిహేను దినాలు అబద్ధమాడిన్నని చెప్పాలె. గా పిల్ల మల్ల నన్ను కాకా అంటదా?"

"కాకా అనకుంటె ఏమైతది? గా మోరీ కొట్కపోతె ఆ పిల్ల నౌకరే కొట్కపోతది. దేవుడు నోరు దేనికిచ్చిండయ్యా, బువ్వ తినేతందుకేనా? అన్ని మోకాలుతోనే మాట్లాడుతవా?"

సోమవారం మొదటి బస్సుకే సత్యానందం మోస్రా దారిలో దిగాడు. కంట్రాక్టరు నర్సింలు అప్పటికే సున్నపు గీతల మధ్య కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. గంగామణి కొత్త చీర కట్టుకుంది. మొదటి పని కదా.

"కాకా, నిన్ను రావద్దన్న గదా. మోకాలు ఎట్లుంది?"

"మంచిగుంది మేడం."

ఆమె ముఖం వెలిగిపోయింది. "సూసినవా, మా అవ్వ నూనె!"

"నూనెతోని కాదు." సత్యానందం తల అడ్డంగా ఊపాడు. "ముందుగాల్నుంచే మంచిగుంది. నా మోకాలు ఎన్నడు నొయ్యలే. నువ్వు మార్కు ఏసిన జాగ తప్పు మేడం. గందుకే కూసున్న."

ఆ మాట కూలీల ముందే అన్నాడు. అనేశాక, పాతికేళ్ల కిందటి జవాబు కోసం తల వంచుకుని నిలబడ్డాడు.

గంగామణి ఆయన మోకాలి వంక చూసింది. సత్యానందం ఆగలేక గడ్డపార అందుకుని అరవై అడుగులు నడిచి, తాను స్టూలు వేసుకున్న చోట నాలుగు పోట్లు పొడిచాడు. పైన జానెడు మట్టి, దాని కింద నల్లబడిన చెరుకాకు పొరలు పొరలుగా లేచింది. బండ్లవాళ్లు ఏం చేస్తారో, జూలైలో ఏమవుతుందో చెప్పాడు. ఒకసారి మొదలుపెట్టాక మాటలు ఆగలేదు. పాతికేళ్ల మాటలు మరి.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆ ఆకు చేతిలోకి తీసుకుంది. చేను గట్టు చూసింది, ఎగువ చూసింది, సున్నపు గీతలు చూసింది. ముఖంలో రంగు తగ్గింది. సంతకాలైన నక్షా, మొదటి పని, ప్రొబేషన్. తప్పయిందని ఇప్పుడు తనే పోయి చెప్పుకోవాలి.

నర్సింలు విసుక్కున్నాడు. "గిదేంది మేడం? చైన్‌మన్ చెప్తే మోరీ జరుపుతరా? ముహూర్తం దాటిపోతుంది."

"కొబ్బరికాయ పక్కకు పెట్టు నర్సింలన్నా. మోరీ గిక్కడ" అంది గంగామణి, లేవకుండానే. తర్వాత సత్యానందం వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లున్నాయి. కోపమో నవ్వో ఆయనకు తెలియలేదు. "పదిహేను దినాలు నన్ను నమ్మిచ్చి, మా అవ్వతోని నూనె కాపిచ్చినవ్ గదా కాకా! వావిలాకు కోసం ఆమె ఊరి బయటిదాంక పోయింది."

"తప్పయింది బిడ్డా."

"సీసా ఏం చేసినవ్?"

"రూతమ్మ రాస్కుంటుంది."

అప్పుడు నవ్వింది. కూలీలూ నవ్వారు. నర్సింలు కూడా.

మళ్లీ తీసిన లెవెల్స్ పట్టుకుని ఆమె నిజామాబాదు పోయింది, సత్యానందాన్ని వెంటబెట్టుకుని. డీఈ లింబాద్రి కాగితాలు తిరగేసి ఒక్కటే అడిగాడు.

"సత్యానందం కూసున్నడా?"

"కూసున్నడు సార్. నాకే సమజ్ కాలే."

లింబాద్రి నవ్వబోయి ఆగాడు. తలుపు దగ్గర నిలబడ్డ సత్యానందాన్ని, ఎదుటనున్న అమ్మాయిని చూశాడు. "నీకు చెప్పాల్సినోళ్లం మేమే. చెప్పలే. తప్పు మాది" అని కలం తీశాడు. ప్రొబేషన్ కాగితాల్లో ఈ సంగతి ఎక్కలేదు. జూలైలో వాన దంచి కొట్టింది. మిగిలిన చెరుకాకు కొట్టుకుపోయింది, నీళ్లు బుద్ధిగా మోరీలోంచి పోయాయి. ఆ రోజు గంగామణి, సత్యానందం ఒకే గొడుగు కింద నిలబడి గంటసేపు ఆ నీళ్లనే చూశారు.

ఆ తర్వాత రెండేళ్లకు రిటైరయ్యేదాకా ఆయన మళ్లీ కూర్చోలేదు. గంగామణి కూర్చోనివ్వలేదు. మిషన్ బిగించే ముందే, "చెప్పు కాకా, గీ నేల ముచ్చటేంది?" అని అడిగేది. ఇప్పుడామె తన కింద చేరే పిల్లలను కూడా ముందు చైన్‌మన్ దగ్గరికి పంపి, ఆ తర్వాతే మిషన్ ముట్టుకోనిస్తుందట.

2003లో సత్యానందానికి డెబ్బై నిండాయి. మోకాలు నిజంగానే పట్టేసింది. లింబాద్రి చూడటానికి వచ్చాడు, చేతిలో ఏదో కొత్త రోడ్డు నక్షా చుట్టుకుని. మాటల్లో దాన్ని మంచం మీద పరిచాడు.

"ఎట్లుంది సత్యానందం?"

"ఏం చెప్పాలె సార్. మోకాలు గుంజుతుంది."

లింబాద్రి ముఖం పాలిపోయింది. గబగబా కళ్లద్దాలు పెట్టుకుని నక్షా మీదికి వంగాడు. "ఏడ తప్పయింది? గీ మలుపు కాడనా?"

"సార్, నిజంగనే నొస్తుంది సార్."

"అట్లనే అంటవ్. జర ఆగు, సూడనియ్." వేలు పెట్టి గీతలన్నీ మొదటి నుంచి వెతకసాగాడు.

సత్యానందం దిక్కుతోచక వంటింటి వైపు చూశాడు. రూతమ్మ కొంగుతో నోరు మూసుకుని నవ్వుతోంది. ఆమె చేతిలో, మొన్ననే గంగామణి పంపిన నూనె సీసా ఉంది.