హోమ్ అంటే ఇల్లే

విమానాశ్రయం పక్కనున్న మామిడిపల్లిలో ప్రేమదాసును అందరూ పెద్ద ఇంజనీరనుకుంటారు. అతని భార్య సిల్వియా అనుకోదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి, ఆమెకు తెలియదా! చేసేది ఎయిర్‌పోర్టు కార్గోలో సూపర్‌వైజరు ఉద్యోగం. సెలవు దొరికితే ఎగరేసేది బారెడు రెక్కల గ్లైడరనే బొమ్మ విమానం. దాని పొట్టలో కుక్కినవి మాత్రం అన్నీ ఇన్నీ కావు. ఎక్కడుందో ఫోనుకు చెప్పే జీపీఎస్, ఎత్తు కొలిచే మీటరు, పైకి లేచే గాలి తగిలితే చెవిలో కీచుమనే ఇంకోటి. ఇంట్లో ఎవరు పిలిచినా పలకడు గానీ, ఆ కీచుకు మాత్రం ఉలిక్కిపడి లేస్తాడు.

ఈమధ్య, సిగ్నల్ తెగితే గ్లైడరును వెనక్కి తెచ్చే పరికరమొకటి కొని డాబా మీద కూర్చుని బిగించాడు. తెర మీద ‘హోమ్ ఇదేనా?’ అని వస్తే టకీమని అవునని నొక్కాడు.

అతనితో పనిచేసే కరుణ్ పక్కనే ఉన్నాడు. "అన్నా, హోమ్ అంటే ఇల్లు కాదే. ఎగరేసేకాడ నువ్వు నిలవడ్డ జాగ. ఆడికి పోయినంక మళ్ల పెట్టాలె."

"ఇల్లంటే ఇల్లే. నాకే జెప్తవా?" అన్నాడు ప్రేమదాసు. కళ్లు నెత్తికెక్కినవాడికి ఏం చెప్పి ఏం లాభం!

ఆ ఆదివారం కూతురు జూలీ బాప్తిస్మం. తను నీళ్లలోకి దిగేటప్పుడు నాన్న ఎదురుగా నిలబడాలని ఆ పిల్లకు ఒకటే కోరిక. "జర ఒక్కసారి ఎగరేసొస్త బిడ్డా. ఆరాధన షురూ అయ్యేసరికి చర్చిల ఉంట" అని మాటిచ్చి పొద్దున్నే వెళ్లాడు. విమానాశ్రయం దగ్గర ఎగరేయకూడదని తెలిసీ, దూరం పోవడానికి బద్ధకించి ఊరవతలి బీడు పొలంలోకే పోయాడు.

ఆరాధన మొదలైంది. మనిషి జాడ లేదు. పాస్టరుగారు కాసేపు ఆగి కూడా చూశారు. సిల్వియా ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. ఆ ఫోనులో గ్లైడరును చూసుకుంటున్నాడు మరి! జూలీ గుమ్మం వైపే చూస్తూ నీళ్లలోకి దిగింది. సిల్వియాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది.

తల్లీకూతుళ్లు తిరిగొచ్చేసరికి ముక్కు పగిలిన గ్లైడరు వాకిట్లో పడి ఉంది. "మస్తుసేపు మీ ఇంటి మీదనే తిరిగిందమ్మా, గద్ద లెక్క. ఇగ తిరిగి తిరిగి పడ్డది" అంది ఎదురింటి ఈరమ్మ.

కాసేపటికి ప్రేమదాసు వచ్చాడు. సిగ్నల్ తెగినచోటే ఫోనులో చుక్క ఆగిపోతే, ఇంతసేపూ అక్కడి తుమ్మపొదలన్నీ గాలించాడట. చేతులనిండా గీతలు. గ్లైడరు కనబడగానే ఉరికి దాన్ని పసిపిల్లలా ఎత్తుకున్నాడు.

"చూసినవా సిల్వియా? ఇల్లంటే ఇల్లే అని జెప్పిన గద! ఎంత కరెక్టుగ ఇంటికొచ్చింది!"

అప్పుడు కనబడింది కూతురు.

"ఏంది బిడ్డా, జుట్టు గట్ల తడిసింది?"

జూలీ లోపలికి వెళ్లిపోయింది.

"అది ఇంటికొచ్చింది. నువ్వే ఇంకా రాలె" అని సిల్వియా అతని ముఖం మీదే తలుపు వేసింది.