ఎదురొడ్డు అడవి

తౌనో కళ్లెదుట లేనిది ఎన్నడూ గీయలేదు. గడ్డకట్టిన సరస్సు మీదికి పీట లాక్కెళ్లి, ఎదురొడ్డున ఉన్న పైన్ అడవిని చూస్తూ కూర్చునేవాడు. చలికి రంగు బిగుసుకుపోతే రంగు గొట్టాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేవాడు. మంచు కరిగాక నీటి నలుపు, వేసవిలో దోమల మధ్య ఆకుపచ్చ, ఆకురాలే కాలంలో భూర్జచెట్ల పసుపు, అన్నీ ఆ ఒడ్డువే. అక్కడ కొమ్మ విరిగితే బొమ్మలోనూ విరిగేది.

కిందటి చలికాలం పొరుగింటి కలెర్వో ఆ అడవిని కాగితం మిల్లుకు అమ్మేశాడు. యంత్రాలు వచ్చి చెట్లన్నీ నరికి మొదళ్లు మిగిల్చి పోయాయి. తౌనో ఆ మొదళ్లనే గీశాడు. ఊరి ప్రదర్శనలో ఆ బొమ్మ ముందు ఎవరూ నిలబడలేదు. కలెర్వో భార్య హెల్వి మాత్రం కాఫీ కప్పుతో వచ్చి, "ఇదేంటయ్యా తౌనో, శ్మశానంలా! కొత్తింట్లో సోఫా పైన పెట్టుకోవాలి, మన అడవి వేసివ్వు," అంది.

"ఆ అడవి లేదుగా హెల్వీ."

"నీకు గుర్తుంది కదా, ఇంకేం!"

తనకైనా మళ్లీ కనిపిస్తుందేమోనన్న ఆశతో తౌనో ఒప్పుకున్నాడు. వంటింట్లో కూర్చుని మొదలుపెట్టాడు. ఏ కొమ్మ ఎటు వంగేదో ఎంత తలచుకున్నా అందలేదు. చివరికి చూడముచ్చటగా ఉండేలా చెట్లను నిలబెట్టి ముగించాడు.

బొమ్మ గోడకెక్కిన రోజు కలెర్వో కళ్లు తుడుచుకున్నాడు. "అచ్చం మనదే! ఒక్క చెట్టూ తప్పిపోలేదు తౌనో!"

ఆ ఒడ్డున పెరిగిన చెట్టు అందులో ఒక్కటీ లేదని తౌనో చెప్పలేదు. పెట్టిన కేకు తిని, బావుందని హెల్వికి చెప్పి, ఇంటికి వచ్చేశాడు.