ప్లగ్గు పీకిన సారు

కొడుకు తిమోతికి సొంత ల్యాబ్ వచ్చిందని మగ్దలీనమ్మ చిల్లకూరులో వీధి వీధినా చెప్పుకొచ్చింది. "ప్రార్థన లేకుండా తలుపు తెరవబాకు నాయనా" అని షరతూ పెట్టింది.

సముద్రానికి దగ్గర్లో ఒక కొత్త కాలేజీ. అందులో తిమోతి కొత్త ప్రొఫెసరు, రొయ్యల తెగుళ్ళ మీద పరిశోధన. అతనూ, అతని మొదటి విద్యార్థిని వాణీ సీజనంతా రొయ్యలు పెంచే గుంటల వెంట తిరిగి, జబ్బుపడ్డ రొయ్యలను పోగుచేసి ఫ్రీజరులో దాచారు. అవి కరిగి పాడయ్యాయంటే వాణి పీహెచ్‌డీ మళ్ళీ మొదటికొస్తుంది.

పక్క గది పద్మనాభయ్య గారు రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆయన దగ్గర సలహాలకు కొదవ లేదు. "మిషన్లు కొనేదానికి తొందరపడబాకు అబ్బయా. పిల్లల్ని ఒకేసారి గంపెడుమందిని చేర్చుకోబాకు." తిమోతి అన్నిటికీ తల ఊపాడు.

ల్యాబ్ ప్రారంభం రోజు పాస్టరు గారు కీబోర్డుతో, సౌండు బాక్సుతో దిగారు. ఆ గదిలో కరెంటు వచ్చే సాకెట్టు ఒక్కటే. తిమోతి చటుక్కున అందులోని ప్లగ్గు పీకి, బాక్సు ప్లగ్గు పెట్టేశాడు.

"సార్..." అంది వాణి.

తిమోతి పెదాల మీద వేలు పెట్టాడు. పాట, ప్రార్థన, వాక్యం, మళ్ళీ పాట. ఆపైన బిర్యానీ. వడ్డించేటప్పుడు చూస్తే వాణి లేదు.

అందరూ వెళ్ళాక ఫ్రీజరు తెరిస్తే లోపల నిండా చేపల కంపు కొట్టే ఐసు గడ్డలు!

"ఇదేంది వాణీ?"

"రేవు కాడి నుంచి తెచ్చినా సార్. రొయ్యలు కరిగిపోతాయని."

"అది ఫ్రీజరు ప్లగ్గని చెప్పొచ్చు గదా!"

"పీకింది మీరే గదా సార్. మీకెట్టా చెప్పేది?"

ఐసు పుణ్యమా అని రొయ్యలు దక్కాయి. ఆ మాట మాత్రం తిమోతిని వదల్లేదు. ఈసారంటే ఐసు దొరికింది, మరి వచ్చేసారి?

విని పద్మనాభయ్య గారు కడుపుబ్బ నవ్వారు. "తప్పు పట్టమని చెప్తే పట్టరబ్బయా. అలవాటు చెయ్యాల."

అప్పటినుంచి తిమోతి సోమవారం మీటింగుల్లో కావాలనే ఒక తప్పు చేయసాగాడు. బోర్డు మీద రొయ్య బొమ్మ వేసి, తల దగ్గరుండే గుండెను తీసుకెళ్ళి తోకలో గీశాడు. వాణి బుద్ధిగా నోటుబుక్కులో ఎక్కించుకుంది, పైగా ఎర్రరంగు కూడా వేసింది. తిమోతి దిగులుగా బోర్డు తుడిచేశాడు.

నమూనాలు మద్రాసుకు పరీక్షకు పంపే రోజు వచ్చింది. తిమోతి డబ్బాలకు టేపు వేస్తున్నాడు.

"సార్, ఆగండి. తప్పు."

"ఏంది?"

"తడ ఊరి రొయ్యల డబ్బాకు చిల్లకూరు చీటీ అంటించినారు. అట్టానే పోతే జబ్బు ఒక ఊళ్ళో, మందు ఇంకో ఊళ్ళో."

తిమోతి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "పద్మనాభయ్య గారూ! పట్టింది సార్, తప్పు పట్టింది!" అని వరండాలోకి కేకేశాడు. కేక సగంలో ఉండగానే గుర్తొచ్చింది, ఇది తను కావాలని చేసింది కాదు.

"మరి ఆ తోకలో గుండె సంగతి ఎందుకు చెప్పలేదు?"

"అది నాటకమని తెలుస్తానే ఉంది గదా సార్. మీరు సంబరంగా గీస్తావుంటే చెడగొట్టడమెందుకని." వాణి కొంచెం తటపటాయించింది. "ఇంకోటి సార్..."

"చెప్పు తల్లీ, చెప్పు!"

"ఫ్రీజరు తలుపు తెరిచే పెట్టినారు."

తిమోతి పరుగెత్తాడు.