బోర్డు రేటు, జోగమ్మ రేటు

తవిటమ్మ కూర ప్యాకెట్ మీద ఐదు రూపాయలు పెంచితే ఎవరూ పేచీ పెట్టరు. మా కంచరపాలెంలో ఇది చిన్న సంగతేమీ కాదు. ఇక్కడ ఆటోవాడు రెండు రూపాయలు ఎక్కువ అడిగితే తీర్పు చెప్పడానికి వీధి వీధంతా కదిలి వచ్చేస్తుంది. తవిటమ్మ దగ్గర మాత్రం నోరెత్తరు. ఎందుకంటే రేటు పెంచిన రోజున ఆవిడ గల్లాపెట్టె పక్కన ఒక పొడుగాటి నోటుపుస్తకం తెరిచి పెడుతుంది. ఏ సరుకు ఏ రోజున ఎంతకు కొన్నదీ అందులో ఉంటుంది. అనుమానం ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. చదివాక కూడా అనుమానం తీరకపోతే ఇంటికెళ్లి వండుకోవచ్చు. ఈ రెండో మాట ఆవిడే అంటుంది, అదీ నలుగురికీ వినపడేలా.

నేను గోదావరి జిల్లావాణ్ణి. పోర్టులో క్రేన్ నడుపుతాను. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మా డ్యూటీలు ఎప్పుడు కలుస్తాయో మాకే తెలియదు కాబట్టి అన్నం మేం వండుకుంటాం, కూర తవిటమ్మ వండుతుంది. తొమ్మిదేళ్లుగా ఆవిడ చేతి కూర తింటున్నాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో కొంత పక్షపాతం ఉంటుంది. ఉండనివ్వండి.

తవిటమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. ఏడో తరగతితో చదువు ఆగింది, పెళ్లయి ఈ ఊరొచ్చింది. భర్త శ్రీరామ్మూర్తి పోర్టులో కళాసీగా బస్తాలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు. ఆయన పని మానేసిన నెలలోనే ఆవిడ ఇంటి ముందు రేకు దించి కర్రీ పాయింట్ పెట్టేసింది. ఆవిడ వండుతుంది, ఆయన కవర్లలో పోసి దారం చుడతాడు. ఆయన కట్టిన ముడి చేత్తో విప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు. మా ఇంట్లో అందుకోసం ప్రత్యేకంగా ఒక కత్తెర ఉంది.

ఇక ఆ పుస్తకం సంగతి. ఏడేళ్ల కిందట ఎన్నికల ముందు ఒక ప్రచారం బండి ఆ వీధిలోకి వచ్చి, తమని గెలిపిస్తే సరుకుల ధరలు ఒక్క రూపాయి కూడా కదలనివ్వమని అరిచిందట. వంకాయలు తరుగుతున్న తవిటమ్మ కత్తిపీట మీంచే అడిగింది.

"కదలనివ్వరు, బానే ఉంది. ఇయాల ఎంతుందో ఎవుడైనా రాసుకున్నాడేటి?"

ఎవరూ రాసుకోలేదు. ఆ సాయంత్రమే ఆవిడ రెండొందల పేజీల పుస్తకం కొనుక్కొచ్చింది. అప్పట్నుంచి ప్రభుత్వం రెండుసార్లు మారింది, పుస్తకాలు నాలుగయ్యాయి. రోజూ పదకొండింటికి బజారు నుంచి రాగానే చెయ్యి కడుక్కుని మొదట రాస్తుంది, తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది. ఆవిడకో నియమం ఉంది. తన చేతి నుంచి వెళ్లిన డబ్బే రాయాలి. ఎవరో చెప్పిన ధర, టీవీలో చూపించిన ధర, పక్కింటావిడ కొన్న ధర రాయకూడదు.

ఈ నియమం వినగానే నేను ముగ్ధుణ్ణయిపోయాను. నా తప్పు అక్కడే మొదలైంది.

మొన్న సంక్రాంతి వెళ్లిన నెలలో నాకు పది రోజులు సెలవు దొరికింది. ఊరికే కూర్చోలేక ఆ నాలుగు పుస్తకాలూ ఇంటికి తెచ్చుకుని, అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, నెలనెలా సగటు కట్టి గీతలు గీశాను. కిరాణా సామాను గీత పైకి పోయింది. అది ఎవరైనా ఊహించేదే. కూరగాయల గీత మాత్రం కొంతకాలం ఎక్కి, తర్వాత నికరంగా దిగి, అలాగే కింద ఉండిపోయింది. దాదాపు పావు వంతు దిగింది. సరిగ్గా పావు వంతు తగ్గిస్తామనే కిందటి ఎన్నికల్లో గెలిచినవాళ్లు చెప్పారు. నాకు ఒళ్లు పులకరించింది. మాట నిలబెట్టుకున్న రాజకీయ నాయకుణ్ణి కనిపెట్టిన మొదటి క్రేన్ ఆపరేటర్ని నేనే అనుకుని, రెండు గీతలూ 'మాట నిలబెట్టుకున్నారు' అని రాసి మరీ మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

గ్రూపులో ఉమాశంకర్ కూడా ఉన్నాడని నాకు గుర్తు లేదు. అతను ఆ పార్టీకి మా వార్డు నాయకుడు. మర్నాడు పొద్దున్నకల్లా జంక్షన్లో ఫ్లెక్సీ లేచింది. పైకెళ్లిన గీత ఎటు పోయిందో పోయింది, కిందికి దిగిన గీత మాత్రం అరటిగెల అంత లావున ఉంది. పక్కన నవ్వుతున్న తవిటమ్మ ఫొటో. ఆ ఫొటో ఆవిడ మేనకోడలి పెళ్లిలో తీసింది. కింద పెద్దక్షరాలతో, 'తవిటమ్మ గారి పుస్తకమే సాక్ష్యం'.

ఆ మధ్యాహ్నం కూరకి వెళ్లేసరికి దుకాణం ముందు అచ్యుతరామయ్యగారు నిలబడి ఉన్నారు. రిటైరైన రైల్వే గార్డు, లెక్క దగ్గర మహా గట్టి మనిషి.

"ధరలు పావు వంతు తగ్గాయని నీ పుస్తకమే చెబుతోంది కదమ్మా. మరి నీ ప్యాకెట్ ముప్పయ్యే ఎందుకుంది? ఇరవై అయిదు చెయ్యి."

వెనకున్న నలుగురూ అవునంటే అవునన్నారు. అవతలి పార్టీ వాళ్లు ఇద్దరు ముగ్గురు అసలు రావడమే మానేశారు. తవిటమ్మ అమ్ముడుపోయిందని వాళ్లు అనుకుంటున్నారట. శ్రీరామ్మూర్తి ఆ రోజు మిగిలిన పప్పు ప్యాకెట్లు లెక్కపెట్టి పదిహేడన్నాడు. అంతకు ముందు రోజు మిగిలినవి రెండు.

తవిటమ్మ నన్ను పక్కకి పిలిచింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు, అది ఇంకా బాధగా ఉంది.

"మోనకృష్ణ బాబూ, ధరలు తగ్గితే నా గల్లాలో డబ్బులుండాల కదా. నాకేటీ మిగల్లేదు. పుత్తకం తప్పా, నువ్వు తప్పా?"

"పుస్తకంలో ఉన్నదే ఎక్కించానండీ."

"అయితే రేపు నాతో రా. ఈ పుత్తకాన్ని సూసే జనం నాకు రేటు ఇత్తన్నారు. ఇదే తప్పయితే రేపు గ్యాసు పెరిగినా, నూనె పెరిగినా నాను ఐదు రూపాయలు పెంచగల్నా? కొట్టు మూసుకోడవే."

మర్నాడు ఆవిడతోపాటు రైతుబజారుకి వెళ్లాను. గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. రైతులు దానికి మించి అమ్మకూడదు. వంకాయ కిలో ముప్పై ఆరు అని ఉంది, ఫోన్లో ఫొటో తీసుకున్నాను. తవిటమ్మ బోర్డు వైపు కన్నెత్తి కూడా చూడకుండా లోపలికి నడిచి, ఒక మూల పద్మనాభం ఊరి నుంచి వచ్చే జోగమ్మ ముందు సంచి పరిచింది. జోగమ్మ తూచింది, తవిటమ్మ డబ్బిచ్చింది. వంకాయలు కిలో ఇరవై ఎనిమిది.

"ఇదేమిటండీ? బోర్డు మీద ముప్పై ఆరు ఉంది కదా!"

"బోర్డు రేటు అందరికీ బాబూ. ఒదినకి నా రేటు" అంది జోగమ్మ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఎప్పట్నుంచి అని అడిగాను. ఇద్దరూ కాసేపు వాదించుకుని తేల్చారు. రెండేళ్ల కిందట శివరాత్రి ముందు జోగమ్మకి పదింటి బస్సు తప్పిపోయింది. పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఎండలో నిలబడి ఉంటే తవిటమ్మ ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టి, సాయంత్రం బస్సెక్కించింది. మర్నాటి నుంచి జోగమ్మ ఏ కూరగాయకీ బోర్డు రేటు తీసుకోవడం మానేసింది. వేరే రైతు దగ్గర కొనబోతే కోప్పడుతుంది కూడా. నేను ఫోన్లో గీత తీసి చూశాను. అది దిగడం మొదలుపెట్టింది సరిగ్గా ఆ ఫిబ్రవరిలో. ఎన్నికలు జరిగింది ఆ ఏడాది మేలో! మూడు నెలల ముందే ధరలు తగ్గించిన ప్రభుత్వాన్ని నేను వాట్సాప్‌లో పొగిడానన్నమాట. బజారు మధ్యలో నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను.

తవిటమ్మ మాత్రం నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, చటుక్కున ఆగిపోయింది.

"ఎల్లుండి మీటింగు" అంది.

మీటింగంటే ఉమాశంకర్ జంక్షన్లో పెట్టిన సన్మానం. శాలువా కప్పుతారు, ఆవిడ మైకులో రెండు ముక్కలు చెప్పాలి. ఆ సాయంత్రం దుకాణం వెనక మేం ముగ్గురం కూర్చున్నాం. శ్రీరామ్మూర్తి భయమంతా రేకు గురించి.

"మన రేకు రోడ్డు మీదికి మూడడుగులుంది. ఆడొక్క ఫోన్ కొడితే పీకేత్తారు. శాలువా కప్పించుకుని దండం పెట్టి దిగిపో. నీకెందుకే?"

సిగ్గు లేకుండా నేనూ ఆయనకే వంత పాడాను. గ్రూపులోంచి బొమ్మ తీసేస్తాను, పది రోజుల్లో అందరూ మర్చిపోతారు అన్నాను.

"మీరు మర్సిపోతారు. పుత్తకంలో ఉండిపోద్ది కదా" అంది తవిటమ్మ.

మీటింగు రోజున జంక్షన్ నిండిపోయింది. ఉమాశంకర్ శాలువా కప్పి మైకు అందించాడు.

"అందరికీ దండాలు. ఈ పుత్తకం నాదే. ఇందులో రాసిందంతా నిజివే. నానిచ్చిన డబ్బులే రాసినాను. గానీ నాకు తగ్గించి ఇచ్చింది ఏ గవర్నమెంటూ కాదు, పద్మనాభం జోగమ్మ. బోర్డు మీద ముప్పయ్యారుంటే నాకు ఇరవయ్యెనిమిదికి ఇత్తాది. రెండేళ్లుగా ఇత్తన్నాది. నాను బోర్డు సూడకుండా రాసుకుంటా పోనాను. అది నా తప్పు. ఆ గీత సూసి ఓటెయ్యాలంటే జోగమ్మకి ఎయ్యండి."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అచ్యుతరామయ్యగారు పగలబడి నవ్వారు, దాంతో జంక్షనంతా నవ్వింది. ఉమాశంకర్ సామాన్యుడు కాదు. మైకు లాక్కుని, "అయితే జోగమ్మ కూడా మన పార్టీయే!" అన్నాడు. జనం మరింత నవ్వారు. ఫ్లెక్సీ మర్నాటికి లేదు. రేకు జోలికి మాత్రం ఎవరూ రాలేదు. వస్తే అదీ పుస్తకంలో ఎక్కుతుందని భయపడ్డారేమో.

నిజం చెప్పినందుకు దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. మర్నాడు రైతుబజారులో జోగమ్మ చుట్టూ పాతికమంది మూగి తవిటమ్మ రేటే కావాలని కూర్చున్నారు. జోగమ్మ నెత్తి కొట్టుకుంది.

"నీ నోట్లో మాట దాగదేటి ఒదినా? అందరికీ ఈ రేటుకిత్తే నాను బస్సుకి కూడా డబ్బుల్లేకుండా నడిసి ఎల్లాల. ఇయాల్టి నుంచి నీకూ బోర్డు రేటే!"

తవిటమ్మ కిలోకి ముప్పై ఆరు చొప్పున లెక్కపెట్టి ఇచ్చింది. జోగమ్మ కోపంగానే తూచింది, కోపంగానే డబ్బు తీసుకుంది, తూకం అయ్యాక అదే కోపంతో రెండు గుప్పిళ్ల వంకాయలు సంచిలో పడేసి మొహం తిప్పుకుంది. ఇంటికొచ్చి తవిటమ్మ పుస్తకంలో కొత్త గడి గీసింది. ఒక గడిలో బోర్డు రేటు, పక్క గడిలో తను ఇచ్చింది. పాత పేజీల్లో బోర్డు రేట్లు ఎక్కించే పని నాకు పడింది. బజారు ఆఫీసు వాళ్లని బతిమాలి పాత రిజిస్టర్లు చూసి, నెల రోజులు రాశాను. గీత మళ్లీ గీస్తే కూరగాయలు కూడా పైకే పోయాయి. నాకు పడాల్సిన శిక్షే.

బోర్డు రేటుకి కొంటే ముప్పై రూపాయల ప్యాకెట్ గిట్టదు. మీటింగయిన వారం తిరగకుండానే రేకు మీద సుద్దతో 'కూర 35' అని రాసుంది. నేను వెళ్లేసరికి అచ్యుతరామయ్యగారు వరసలో ముందున్నారు. ఇరవై అయిదు చెయ్యమన్న మనిషి ఇప్పుడేమంటాడో అని నాకు గుబులుగా ఉంది. ఆయన రేకు వైపు ఒకసారి చూసి, ముప్పై అయిదు రూపాయలు గల్లా మీద పెట్టారు.

"పుత్తకం సూడండి" అంది తవిటమ్మ.

"అక్కర్లేదమ్మా. అంత మంది ముందు నీ తప్పు నువ్వే చెప్పుకున్నదానివి. నీ మాట చాలు."

తవిటమ్మ కరిగిపోతుందనుకున్నాను. ఆవిడ డబ్బుని వెనక్కి తోసేసింది.

"ఆ పార్టీలోల్లనీ ఇల్లాగే సూడకుండా నమ్మినారు. అందుకే మైకులో నోటికొచ్చింది సెప్తన్నారు. సూడండి బాబూ, సూసి ఇయ్యండి."

శ్రీరామ్మూర్తి ప్యాకెట్ కట్టడం ఆపేశాడు. అచ్యుతరామయ్యగారు జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పేజీ పైనుంచి కిందిదాకా వేలితో ఒక్కో గడీ చదివారు. వెనక వరసలో ఉన్న మేమంతా ఆగాం. ఆయన చదవడం పూర్తి చేసి డబ్బు మళ్లీ ముందుకు జరిపితే, తవిటమ్మ తీసుకుంది.