బయట తాళం, లోపల మేము

పొద్దున్నే మా వీధి తలుపుకు బయట తాళం వేస్తాను. వేసి, పక్క సందులోంచి చుట్టూ తిరిగి, దొడ్డి తలుపు తీసుకుని ఇంట్లోకి వస్తాను. లోపల మా ఆయన మంచం మీద కూర్చుని ఉంటాడు. చీకటి పడేదాకా ఇద్దరం ఇంట్లోనే ఉంటాం. వీధిలోంచి చూసేవాళ్ళకు మాత్రం మేం ఊళ్ళో లేనట్టే.

మతిపోయిందా అని అడగబోయేవాళ్ళు కాస్త ఆగండి. మా ఇల్లు ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో ఉంది. మా ఆయన సొంతూరు ఉదయగిరి కొండ కింద పల్లె. ఆ పల్లెవాళ్ళకు ఆర్డీవో ఆఫీసు పనైనా, పెద్దాసుపత్రి పనైనా, నెల్లూరికి బస్సు మారాలన్నా ఆత్మకూరులో దిగక తప్పదు. దిగాక మా ఇంటికి రాక తప్పదు. మొదటి బస్సుకు వచ్చేవాళ్ళు మొహం కడుక్కుని కాఫీ తాగి ఆఫీసుకు పోయేవాళ్ళు. మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాళ్ళు. పని కాకపోతే రాత్రికి చాప పరుచుకునేవాళ్ళు. ‘మీది ఇల్లు కాదు మే, సత్రం’ అని వీధిలో ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే నాకు కోపం రాకపోగా లోలోపల గర్వంగా ఉండేది. నా చేతి పప్పుచారు తాగకుండా ఆ పల్లెలో పెళ్ళీడుకొచ్చిన మనిషి లేడని నేనే చెప్పుకునేదాన్ని.

అప్పుడు మా ఆయన బస్సుల డిపోలో మెకానిక్కు. జీతం పెద్దది కాదు కానీ, ధరలతో పాటు అదీ అంతో ఇంతో పెరిగేది. రిటైరయ్యాక వచ్చే పింఛను అలాంటిది కాదు. జీతంలోంచి పట్టుకున్నదానికి లెక్కకట్టి ఇచ్చేది. మొదటి నెల ఎంత వచ్చిందో ఈ నెలా అంతే. కరువు భత్యం లేదు, ఏ భత్యమూ లేదు. వేరుశనగ నూనె పెరిగింది, కందిపప్పు పెరిగింది, గ్యాస్ పెరిగింది, పాలు పెరిగాయి, మా వయసు పెరిగింది, రోగాలు పెరిగాయి. పెరగనిది అదొక్కటే. నాకు వేరే వృద్ధాప్య పింఛను వస్తుందేమోనని మా వార్డు సచివాలయంలో అడిగి చూశాను. ఇంట్లో ఒక పింఛను ఉండగా రెండోదానికి రూలు ఒప్పుకోదన్నారు. అక్కడ పనిచేసే పిల్ల మర్యాదగానే చెప్పింది, దెబ్బలాడటానికి కూడా వీల్లేకుండా.

మాకున్నది ఒక్క కూతురు. కావలిలో ఉంటుంది. దాని సంసారం దానికే చాలడం లేదు, అడిగితే పిల్లల నోటికాడిది తీసి ఇవ్వాలి. అందుకని అడగం.

దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలంటారు. మేం కాళ్ళు ముడుచుకున్నాం. కాఫీ ఒక పూటే అన్నాం. శనగ నూనె మానేసి పామాయిలు పట్టాం. స్నానానికి నీళ్ళు కొబ్బరి మట్టల మీద కాచుకున్నాం. రేషను బియ్యం కడిగి కడిగి తిన్నాం. మేం తింటే సరిపోతుందా, వచ్చినవాళ్ళకు పెట్టొద్దూ? వాళ్ళ కోసం కొట్లో సన్నబియ్యం తేవాలి, పప్పులో ఇంత నెయ్యి వెయ్యాలి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుండేది మా వ్యవహారం. అయినా రావద్దని చెప్పడానికి నోరెలా వస్తుంది?

ఒకరోజు మా ఆయన చొక్కా ఉతకబోతే జేబులో మందుల చీటీ మడత పెట్టింది మడత పెట్టినట్టే ఉంది. చక్కెర జబ్బుకు వేసుకునే మాత్రలు అయిపోయి చాలా రోజులైంది, తేలేదు. నిలదీస్తే, ‘నాకు తగ్గిందిలేవే’ అన్నాడు. చక్కెర జబ్బు తగ్గడమేంటి! ఆ నెలలో పల్లె నుంచి వరసగా చుట్టాలు దిగారు. మాత్రల డబ్బు వాళ్ళ విస్తళ్ళలోకి పోయింది. కాలికి ఏదైనా పుండు లేస్తే మనిషి దక్కుతాడా అని గొడవ గొడవ చేశాను. ఆ మర్నాడే తాళం కొన్నాను. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయాడు, మాత్రలైతే వేసుకున్నాడు. ఇందులో తప్పుందని నేను ఆనాడూ అనుకోలేదు.

తాళం వేసిన ఇంట్లో కాపురం అనుకున్నంత సులువు కాదు. కుక్కరు ఈల వేస్తుంది కాబట్టి తెల్లవారకముందే అన్నం వండేయాలి. బస్సు వచ్చే వేళకు తాలింపు పెట్టకూడదు, వాసన వీధిలోకి పోతుంది. టీవీలో బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. దగ్గొస్తే ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుంటాడు. ఎవరైనా తలుపు దగ్గరకు వచ్చి తాళం చూసి, ‘యాడికి పోయినారో’ అనుకుంటూ పోతుంటే, మేం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా గోడ చూస్తూ కూర్చుంటాం. ఎదురింటామెకు సంగతి తెలుసు. ఎవరైనా అడిగితే, ‘కూతురింటికి పోయినారు’ అని మా కోసం అబద్ధమాడుతుంది. ఆమె భర్త కూడా రిటైరైనవాడే.

ఇలా సాగుతుండగా మొన్న ఎండాకాలంలో మా వదిన వచ్చింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. తల్లి పోయినప్పుడు ఈయన పసివాడు. గొర్రెల వెంట పోతూ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిందట. భర్త పోయాడు, పిల్లలు లేరు, వృద్ధాప్య పింఛనుతో పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఆమెకు ఫోను లేదు, చెప్పి రావడమనే అలవాటూ లేదు. పన్నెండు గంటల ఎండలో వచ్చి మా అరుగు మీద కూలబడి, ‘ఒరే తమ్ముడా’ అని పిలిచింది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ‘అక్క’ అన్నాడు, గొంతు రాకుండా. ఆమె అని నాకు తెలియదా? కానీ తలుపు లోపల నుంచి తీస్తే రాదు, తాళం బయట ఉంది. దొడ్డిదారిన పోయి, బజారు నుంచి వస్తున్నట్టు చుట్టూ తిరిగి రమ్మని సైగ చేశాను. సంచీ, తాళంచెవి చేతికిచ్చాను. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని పోయాడు.

ఆయన పోయాక గానీ నాకు వెలగలేదు. ఆయన తాళం తీసి అక్కను లోపలికి పిలిస్తే ఇంటి నడుమ నేనుంటాను. తాళం వేసిన ఇంట్లో ఇదేం చేస్తోందని అడిగితే ఏం చెప్పాలి? నేను కూడా వెనక నుంచి పోదామంటే దొడ్డి తలుపుకు బయట గడియ లేదు, తెరిచి పెట్టి పోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తలుపు వెనకే నిలబడిపోయాను.

ఆయనకు కూడా అరుగు ఎక్కాకే ఆ సంగతి తట్టినట్టుంది. 

‘ఎప్పుడొచ్చినావక్కా? ఆమె కావలికి పోయినాది. తాళంచెవి కూడా ఎత్తుకపోయినాది చూడు’ అన్నాడు. జన్మలో అబద్ధం చెప్పని మనిషి నా కోసం రెండు చెప్పాడు.

‘పోతే పోనీలేరా. ఈడ నీడగానే ఉండాది, కూచో’ అంది ఆమె.

అక్కాతమ్ముళ్ళిద్దరూ మా గుమ్మం ముందు, మా అరుగు మీద, పరాయివాళ్ళలా కూర్చున్నారు. ఒక చెక్క తలుపు ఇవతల నేను. ఆమె మూట విప్పిన చప్పుడైంది. 

‘సంగటి తెచ్చినాను. గోంగూర పచ్చడి ఉండాది. తిను’ అంది. 

‘నువ్వు తినక్కా’ అన్నాడు. 

‘నేను బస్సులో తిన్నాలే’ అంది. బస్సులో ఎవరైనా సంగటి తింటారా? వచ్చినవాళ్ళకు పెట్టిన ఇంటి మగవాడు తన గుమ్మంలో వచ్చినామె తెచ్చుకున్న కూడు తింటున్నాడు. పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

తర్వాత ఆమె వచ్చిన పని చెప్పింది. రెండు కళ్ళకూ శుక్లాలు. ఒకటి దాదాపు పోయింది, రెండోదీ మసకలు కమ్ముతోంది.

‘పెద్దాసుపత్రిలో ఊరికేనే ఆపరేషన్ చేస్తారంటరా. సోమవారం రమ్మన్నారు. తోడు మనిషి ఉండాలంట. పొగా దుమ్మూ తగలకుండా పది దినాలు ఒకచోట ఉండి, పూటపూటకీ చుక్కల మందు ఏయించుకోవాలంట. మా కొట్టంలో కట్టెల పొయ్యి కదా, అట్టా కుదరదు. మీ ఇంట్లో ఉంచుకుంటారా?’

 లోపల నేను మాట్లాడటానికి లేదు, నేను కావలిలో ఉన్నాను కదా! ఆ క్షణంలో నా బుద్ధి ఎటు పోయిందో చెబుతాను. పది రోజులు, మూడు పూటలు, ఆపరేషన్ మనిషికి పాలు, పరామర్శకు పల్లె నుంచి వచ్చే జనం, వాళ్ళకు కాఫీలు. ముందు అదంతా తిరిగింది నా తలలో. ఆమె కళ్ళు తర్వాత గుర్తొచ్చాయి. ముసలితనంలో మనిషికి మనసుకన్నా ముందు వంటిల్లు అడ్డమొస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

‘ఆమె వచ్చినాక అడిగి చెప్తానక్కా’ అన్నాడు ఆయన.

‘అడుగు అడుగు. ఆమెను అడక్కుండా ఎట్టా’ అంది వదిన. ఇంక పొద్దుపోయేలోగా బస్సెక్కించమంది.

ఎక్కించి ఆయన దొడ్డిదారిన వచ్చాడు. సంచీ మేకుకు తగిలించాడు. నేను ఏమీ వినలేదన్నట్టు, ఆయన ఏమీ చెప్పాల్సింది లేనట్టు, ఇద్దరం నటించాం. ఆయన అడిగితే సరే అందామని నేను, నేనే అంటే బాగుండునని ఆయన. శనివారం దాకా అలాగే గడిచింది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. నాకు తెగించక తప్పలేదు. మనం ఏం తింటే ఆమె కూడా అదే తింటుంది, వచ్చేవాళ్ళకు మంచినీళ్ళే ఇస్తాను, సిగ్గుపడితే ఎన్నాళ్ళని సిగ్గుపడతాం అన్నాను. ఆయన మొహం చాలా రోజులకు వెలిగింది. వెంటనే పల్లెలో ఆమె పక్కింటివాళ్ళకు ఫోను కలిపి నా చేతికిచ్చాడు.

‘వదినా, నేను కావలి నుంచి వచ్చేశాను. సోమవారం నువ్వు వచ్చెయ్. చుక్కలు నేను వేస్తాను’ అన్నాను.

‘వద్దులే అమ్మీ. ఒక కన్ను కొంచెం ఆనతా ఉండాది, చాల్లే’ అంది.

‘అదేం మాట? రా వదినా, మేమిద్దరం ఉన్నాంగా!’

 ఆమె మెల్లగా చెప్పింది. 

‘అమ్మీ, నాకు కండ్లు పోయినాయి గానీ చెవులు బాగానే ఉండాయి. ఆ దినం తలుపెనకాల నీ గాజులు మోగతా ఉంటే ఇన్నాను. తమ్ముడు ఆ సంగటి తిన్న తీరు కూడా ఇన్నాను. ఏలు నాకతా ఉండాడు నా బిడ్డ. మీరే అట్టా తలుపేసుకుని బతకతా ఉంటే, మళ్ళా నేనొకదాన్ని యాడొచ్చేది?’

కుక్కరు, తాలింపు, టీవీ, దగ్గు, అన్నింటికీ జాగ్రత్త పడ్డాను. గాజుల సంగతి నాకు తట్టనే లేదు.

ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే నయం, ఉదయగిరి బస్సెక్కి పోయి కాళ్ళు పట్టుకుని తీసుకొచ్చేదాన్ని. మా మీద జాలిపడిన మనిషిని ఏమని బతిమాలాలి? తమ్ముణ్ణి బాగా చూసుకోమని చెప్పి ఆమె ఫోను ఇచ్చేసింది.

‘ఏమంది?’ అన్నాడు ఆయన.

‘రానంది’ అన్నాను.

ఎందుకని ఆయన అడగలేదు.