సుసన్నా చూసిన పట్నం

గోదావరిఖనిలో చాలామందికి హైదరాబాద్ అంటే దవాఖానే. ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేసి పెద్ద డాక్టర్లకు రాసిస్తే రైలెక్కి పోవడం, నయమైతే మళ్లీ రైల్లో రావడం, కాకపోతే అంబులెన్సులో రావడం. సుసన్నాకూ పట్నమంటే అంతే. పెళ్లయి కాలనీ క్వార్టరుకు వచ్చినప్పటి నుంచి ఆమె ఒంటరిగా వెళ్లిన చోట్లు రెండే: ఆదివారం చర్చి, కూరగాయల అంగడి. భర్త యిర్మియాది బొగ్గుబాయి పని. అతనికి ఏ షిఫ్టు పడితే ఆమె వంటా నిద్రా ఆ షిఫ్టుకే. బాయిలో ఎక్కడో పైకప్పు కూలిందట అన్న మాట చెవిన పడితే చాలు, అతను గడపలో కనిపించేదాకా మంచినీళ్లు కూడా గొంతు దిగేవి కావు.

రిటైరయ్యాక యిర్మియాకు దగ్గు ముదిరింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎండలు మండిపోతున్న రోజుల్లో, పట్నంలో పెద్ద దవాఖానలో చేరడానికి ఇద్దరూ రామగుండంలో రైలెక్కారు. దారిలో పుస్తకాలమ్మేవాడు సీట్ల మీద పుస్తకాలు పెట్టుకుంటూ పోయాడు. అందులో ఒకటి హైదరాబాదులో చూడదగ్గ స్థలాల గురించిన సన్నపాటి పుస్తకం. యిర్మియా దాన్ని ఉంచుకున్నాడు.

"దవాఖానకు పోతూ గిదెందుకు?" అంది సుసన్నా.

"పోయేది పట్నమే గదనే," అన్నాడతను, ఆయాసపడుతూనే.

వార్డులో పద్ధతి కఠినంగా ఉండేది. పొద్దున డాక్టర్లు వచ్చి చూసి వెళ్లాక తోడున్నవాళ్లను బయటికి పంపేసేవారు. సాయంత్రం దాకా మళ్లీ రానిచ్చేవారు కాదు. సుసన్నా టిఫిను సంచి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. కొన్నాళ్లు అలా గడిచాక ఒక పొద్దున, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పడుకున్న యిర్మియా ఆ పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మెట్ల మీద కూసొని ఏం జేస్తవు? చార్మినార్ చూసి రా."

"నీకు గిట్లుంటే నేను ఊరు తిరగాల్నా? నలుగురు ఏమంటరు?"

"నేను బాయిల దిగినన్ని దినాలు నువ్వు మీద నాకోసం చూసినవు. ఇప్పుడు నేను చూస్త. నువ్వు పోయి రా. వచ్చి నాకు చెప్పాలె."

ఆమె వెళ్లింది. పుస్తకంలో రాసిన నంబరు బస్సు ఎంతసేపటికీ రాలేదు. చివరికి ఒక కండక్టరమ్మ చూసి, ఆ బస్సు ఎప్పుడో బందైందని చెప్పి తన బస్సు ఎక్కించుకుంది. సుసన్నా చార్మినార్ దగ్గర దిగింది. మీదికి ఎక్కే ధైర్యం లేక కిందే ఒక చుట్టు తిరిగి వచ్చింది. పుస్తకాన్ని మాత్రం యిర్మియాకే వదిలేసింది. రేపు ఎటు పోవాలో ముందురోజే అతను చదివి చెప్పాలని ఒప్పందం.

ఆనాటి నుంచి ఆమె సాయంత్రాలు మారిపోయాయి. యిర్మియా ఊరికే వినేవాడు కాదు. తొవ్వలో ఏమున్నాయి, రాయి ఏ రంగు, గోడ ఎంత మందం అని అడిగేవాడు. సాలార్‌జంగ్ మ్యూజియం చూసి వచ్చిన రోజు ఆమె గొంతే వేరుగా ఉంది.

"ముసుగేసుకున్న ఆడమనిషి బొమ్మున్నదయ్యా. పాలరాయే, అయినా ముసుగు చాటున మొఖం కండ్లబడ్తది. ఎవలని అడిగితే రెబెకా అన్నరు. మన రిబ్కానే!"

యిర్మియా కళ్లు మూసుకుని నవ్వాడు. "ఇస్సాకును చూసి ఒంటె దిగి ముసుగేసుకున్నది గదా. నువ్వు గూడ పెండ్లినాడు గట్లనే వచ్చినవు. మొఖం చూద్దామంటే ముసుగు తియ్యకపోతివి."

పక్క మంచం మీది సదయ్య, శ్రీరాంపూర్ బాయిల్లో పనిచేసినవాడు, అటు తిరిగి పడుకునే ఫక్కున నవ్వాడు. సుసన్నా సిగ్గుతో కొంగు సర్దుకుంది.

ఆఖరున గోల్కొండ వచ్చింది. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండమీద వినబడతాయని పుస్తకంలో ఉంది. యిర్మియా నమ్మలేదు.

"బాయిల పక్క సొరంగంల మనిషి ఒర్లితెనే వినబడది. గంత మీదికి చప్పట్లు వినబడ్తయా? చూసి చెప్పు."

మోకాళ్లు నొస్తున్నా సుసన్నా ఆగి ఆగి పైదాకా ఎక్కింది. మీద గాలి జోరుగా ఉంది. చెవొగ్గి నిలబడింది. కాసేపటికి ఎండుపుల్ల విరిచినట్టు సన్నని చప్పుడు కింది నుంచి వచ్చింది. మళ్లీ ఇంకొకటి. ఎవరూ లేకపోయినా ఆమె పైకే నవ్వేసింది. దిగుతుండగా ఫోను మోగింది. వార్డు నుంచి.

ఆమె చేరేసరికి యిర్మియా గొంతులో గొట్టం వేసి ఉంది. ఒక్క నిమిషం లోపలికి రానిచ్చారు. సుసన్నా అతని చెవి దగ్గరికి వంగింది.

"వినబడ్డదయ్యా. మీదిదాక వినబడ్డది."

అతని కనురెప్ప కదలలేదు. మర్నాడు ఊపిరి ఆగింది.

సమాధి చేసి తిరిగొచ్చాక, ఇంటినిండా మనుషులుండగా యిర్మియా అక్క రెజీనా అడిగేసింది. "నా తమ్ముడు దమ్మాడక కొట్టుకుంటుంటె, నువ్వు కోట చూడవోయినవా సుసన్నా?"

సుసన్నా కొడుకు వైపు చూసింది. ఆకాశ్ తల వంచుకున్నాడు. వదిన మాట కంటే ఆ వంచిన తలే ఆమెను ఎక్కువ కోసింది. ఆయనే పంపాడని చెప్పొచ్చు. చెప్తే నమ్మేదెవరు? ఆ తర్వాత చర్చిలోనూ ఆమె పక్కన చోటు ఖాళీగానే ఉండేది.

నెల తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. దానికి శ్రీరాంపూర్ నుంచి సదయ్య, అతని భార్య కనకవ్వ వచ్చారు. ఎవరైనా రెండు మాటలు చెప్పండని పాస్టరుగారు అనగానే సదయ్య కుర్చీ పట్టుకుని లేచాడు.

"మాయి పక్కపక్క మంచాలు. ఈ అక్క అటు పోంగనే అన్న పుస్తకం తెరిచేటోడు. 'ఇగో, ఇప్పుడు మా సుసన్నా బస్సు దిగింది. ఇగో, ఇప్పుడు మెట్లెక్కుతున్నది' అని మా అందరికి చెప్పేటోడు. సూది ఏస్తుంటె గూడ చూపు దాని మీదనే." అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆనాడు దమ్ము ఎగవోస్తుంటె, నీ భార్యకు ఫోన్ చెయ్యాల్నా అని నర్సమ్మ అడిగింది. చెయ్యి అడ్డం ఊపిండు. 'ఇప్పుడు సగమే ఎక్కుంటది. జర ఆగుండ్రి' అన్నడు."

సుసన్నాకు ఈ సంగతి తెలియదు. ఆ మాట ఓదార్పూ అయింది, కొత్త గాయమూ అయింది. తాను గాలిలో చప్పట్ల కోసం చెవొగ్గిన సేపంతా అక్కడ అతను నర్సును ఆపుతూ ఉన్నాడు.

భోజనాలప్పుడు రెజీనా విస్తరి తెచ్చుకుని ఆమె పక్కన చతికిలబడింది. "నాకు తెల్వదు సుసన్నా," అంది.

"నాకు గూడ తెల్వదు వదినె."

ఇద్దరూ అన్నం కలుపుతూ ఏడ్చారు. ఆకాశ్ వచ్చి తల్లికి మంచినీళ్లు పెట్టి, అక్కడే గోడకానుకుని కూర్చుండిపోయాడు.

వానలు పడ్డాక సదయ్యను మళ్లీ పట్నం దవాఖానలో చేర్చారని ఫోనొచ్చింది. సుసన్నా ఒక్కతే రైలెక్కి వెళ్లింది. కనకవ్వ టిఫిను సంచి పట్టుకుని అవే మెట్ల మీద కూర్చుని ఉంది.

"అక్కా, ఇక్కడ నేను కూసుంట. నువ్వు పోయి పట్నం చూసి రా," అంది సుసన్నా.

కనకవ్వ బెదిరిపోయింది. "నేను లేనప్పుడు ఏమన్న అయితే?"

ఏమీ కాదు అని అనడానికి సుసన్నాకు నోరు రాలేదు.

"అయితే అయితది. నాకైతే అయ్యింది," అంది చివరికి. "అయినా నేను పోకుంటె మంచిగుండు అని మాత్రం అనుకోలేదు అక్కా."

కనకవ్వ వార్డు తలుపు వైపు చాలాసేపు చూసింది. తర్వాత సంచి సుసన్నా ఒళ్లో పెట్టి, చెప్పులు తొడుక్కుంది.