మగాళ్ళ వాటా

మైదానంలో ఖన్యిసో ఎదురొస్తే జడుసుకోనివాడు లేడు. పందొమ్మిదేళ్ళకే పెద్ద రగ్బీ జట్టుతో ఒప్పందం, రెండు జట్లూ భుజాలు ఆనించి తోసుకునే స్క్రమ్‌లో ముందు వరస, పేపర్లో ఫోటో. ఆట ముగిశాక మాత్రం కుక్క బతుకే. ఇంకా కొండకెళ్ళి సున్తీ చేయించుకుని రాలేదు కనుక, జట్టులోని తన షోసా తెగ వాళ్ళ దృష్టిలో వాడు పిల్లోడే.

"ఒరేయ్ పిల్లోడా, సంచులు మొయ్యి," అనేవాడు కెప్టెన్ బొనకెలె. మాంసం కాల్చుకునేటప్పుడు దగ్గరికొస్తే, "అటు జరుగు. ఇది మగాళ్ళ వాటా. నీకు బొమికలు పంపిస్తాంలే!" అని నవ్వించేవాడు. ఖన్యిసో కూడా నవ్వేవాడు, లోపల ఉడికిపోతూ.

ఆ ఏడు ఆఖరి ఆటలో మోకాలు దెబ్బతింది. డిసెంబర్లో ఊరి కుర్రాళ్ళతో కొండకెళతానన్నాడు. "ఈ నొప్పి మాత్రలు వాడుతూ నీళ్ళు తాగకుండా ఒళ్ళు ఎండబెట్టుకుంటే కిడ్నీలు పోతాయి. వచ్చే ఏడాది వెళ్ళు, లేదంటే ఆస్పత్రిలో చేయించుకో," అని జట్టు డాక్టరమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. ఆస్పత్రిలో చేయించుకున్నవాణ్ణి బొనకెలె ఏమంటాడో ఆవిడకేం తెలుసు? ఇంకో ఏడాది సంచులు మోయడం వాడి వల్ల కాదు. మాత్రల అట్ట దుప్పట్లో దాచుకుని కొండెక్కాడు.

అక్కడ జరిగేది బయట చెప్పకూడదు, నేనూ చెప్పను. మొదటి రోజుల్లో గొంతు తడుపుకోనివ్వరన్నది మాత్రం అందరికీ తెలిసిందే. ఈమధ్య పెద్దలు కాస్త మెత్తబడి, ఎవరైనా చాటుగా ఇస్తే చూసీచూడనట్టు ఉంటున్నారు. కుర్రాళ్ళను కనిపెట్టుకుని ఉన్న మేనమామ తెంబిలె, వాడి పగిలిన పెదవులు చూసి, చాటుగా నీళ్ళు తెచ్చాడు.

"తాగరా అల్లుడూ. నా నోరు దాటదు."

"వద్దు మామా. తాగానని తెలిస్తే జట్టులో నన్ను బతకనిస్తారా?"

"రగ్బీ ఆడేవాడివి, ఒళ్ళు పాడుచేసుకోకురా."

"రగ్బీ కోసమే మామా."

తెంబిలె బలవంతం చేయలేదు. ఆ తప్పు ఆయన్ను ఇప్పటికీ తినేస్తోంది. గొంతులో పోసి ఉంటే ఏమయ్యేది? మహా అయితే నాలుగు తిట్లు తిట్టేవాడు.

కొండ దిగేనాటికి ఖన్యిసో మొహం ఉబ్బింది. కొండ దిగే కుర్రాళ్ళకు పూసే ఎర్రమట్టి మొహాన ఉండటంతో ఎవరూ గమనించలేదు. ఇంటిముందు ఆడవాళ్ళు ఆనందంతో పాడుతుండగానే కూలబడ్డాడు. రెండు కిడ్నీలూ పోయాయి. ఇక యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ బతకాలి. జట్టు ఒప్పందం ఆ నెలే రద్దయింది.

కొన్ని వారాలకు, కొత్త మగవాడికి మర్యాద చేయాలని జట్టంతా ఇంటికొచ్చింది. ఎద్దును కోశారు. కొత్త కోటు, టోపీతో ఖన్యిసో మగవాళ్ళ వరసలో కూర్చున్నాడు. బొనకెలె లేచి మొదటిసారి వాణ్ణి, మగవాళ్ళను పిలిచినట్టు, వంశం పేరుతో పిలిచాడు.

"భెలె! ముందు నువ్వు తీసుకో. నీ వాటా."

పళ్ళెం నిండా ఉప్పు దట్టించిన మాంసం. డాక్టర్లు ముట్టుకోవద్దన్న తిండి. ఖన్యిసో కళ్ళు మెరిశాయి. పెద్ద ముక్క తీసి నోటిదాకా తెచ్చాడు. తెంబిలె ఒక్క ఉదుటున వచ్చి చేతిలో ముక్క, ఒళ్ళో పళ్ళెం లాక్కున్నాడు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

ఖన్యిసో తల వంచుకున్నాడు.

"నలుగురిలో నన్ను మళ్ళీ పిల్లోణ్ణి చేశావు కదా మామా."

తెంబిలె పళ్ళెం వదల్లేదు.